బీరువా లేని బడి

సెప్టెంబరు ఎనిమిదో తేదీ, సోమవారం, ఉదయం పదకొండుంపావుకి ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీతో పాటు వేళ కూడా వేయడం నా అలవాటు. ఆఫీసులో అందరూ దాన్ని చాదస్తం అనేవారు. అప్పటికి నాకింకా పద్దెనిమిది నెలల సర్వీసు మిగిలి ఉంది, ఆ చాదస్తం వదులుకునే ఉద్దేశం లేదు.

నేను డాక్టర్ని కాను. అమలాపురంలో వైద్య శాఖ ఆఫీసులో లెక్కలు కట్టే విభాగంలో ముప్ఫై మూడేళ్ళు పని చేశాను. ఎన్ని టీకాలు వేశారు, ఎన్ని కాన్పులు అయ్యాయి, ఎంత ఖర్చయింది, ఆ ఖర్చుకి ఏం ఒరిగింది, ఇదే నా పని. సూది చూస్తే ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటాను.

ఆ ఫైలులో అడిగిన ప్రశ్న చిన్నది. మా ప్రాంతంలో పద్నాలుగు ప్రాథమిక పాఠశాలల్లో మూడేళ్ళుగా పిల్లల పళ్ళ కార్యక్రమం ఒకటి నడుస్తోంది. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలందరూ వరసగా నిలబడి, టీచరు కళ్ళ ముందు, ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోవాలి. బ్రష్షులూ పేస్టూ మా శాఖ ఇస్తుంది. ఏడాదికొకసారి దంతవైద్యుడు వెళ్ళి మూడో తరగతి పిల్లల నోళ్ళు చూసి, పుచ్చిన పళ్ళు ఎన్నో రాసుకొస్తాడు. దీని మీద పెడుతున్న డబ్బుకి తగిన లాభం ఉందా? లేకపోతే కార్యక్రమం ఆపేసి, ఆ డబ్బుతో ఆసుపత్రిలో పళ్ళ డాక్టరుకి కొత్త కుర్చీ కొంటారు. నెలాఖరుకి నా నివేదిక వెళ్ళాలి.

మర్నాడు పొద్దున్నే ఆ పళ్ళ డాక్టరు గారే వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఆ కార్యక్రమం ఆయనదే. పై ఆఫీసుల చుట్టూ తిరిగి, కనబడ్డవాళ్ళందరికీ చెప్పి, మంజూరు చేయించుకున్న మనిషి. నాకంటే పదేళ్ళు చిన్న. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడుతూనే ఉంటారు.

"మేడం గారూ, లెక్క ఎటు తిరిగేలా ఉందండి?"

"ఇంకా మొదలే పెట్టలేదండి. ఎటు తిరిగితే అటు."

"కాస్త మా వైపు తిప్పుదురూ."

"అంకెలకి మొహమాటం ఉండదండి, డాక్టరు గారూ."

"అంకెలకి లేదని తెలుసండి. మీకు కూడా లేదనే నా భయం."

తర్వాత హాస్యం మానేసి అసలు సంగతి చెప్పారు. "మనవాళ్ళకి ఒక నమ్మకం ఉందండి. ఊడిన చోట మళ్ళీ వచ్చిందే అసలు పన్ను, అంతకుముందు వచ్చిందంతా పాల పన్ను. కానీ ఆరో ఏట వెనకాల ఒక దవడపన్ను వస్తుంది, ఏదీ ఊడకుండానే. అదీ పాల పన్నే అనుకుంటారు. పుచ్చిపోతున్నా ఊడిపోయేదే కదా అని ఊరుకుంటారు. జీవితాంతం నమలాల్సిన పన్నండి అది. ఎనిమిదో ఏడు వచ్చేసరికి పీకించడానికి నా దగ్గరికి తీసుకొస్తారు. అప్పుడు సిమెంటు పెట్టడానిక్కూడా ఏం మిగలదు. చిన్నపిల్లల పళ్ళు పీకీ పీకీ విసుగొచ్చే ఈ బళ్ళ వెంట పడ్డానండి. ఇది పోతే మళ్ళీ పటకారే."

ఆ ఆరేళ్ళ దవడపన్ను గురించి నాకు అప్పటిదాకా తెలియదు. నా నోట్లో అది నాలుగు వైపులా ఉందో లేదో ఆ రాత్రి అద్దంలో చూసుకున్నాను. రెండు వైపులే ఉంది.

లెక్క పద్ధతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి తెలియదు. కార్యక్రమం వల్ల పుచ్చకుండా ఆగిన పళ్ళు ఎన్నో తేల్చాలి. మొత్తం ఖర్చుని వాటితో భాగించాలి. వచ్చినది ఒక్కో పన్ను కాపాడటానికి అయిన ఖర్చు. అది, పుచ్చిన పన్నుకి వైద్యం చేయించే ఖర్చు కంటే తక్కువైతే కార్యక్రమం లాభం. వైద్యం ఖర్చంటే సిమెంటూ మందులూ మాత్రమే కాదు. పిల్లని తీసుకొచ్చే తల్లికి ఆ రోజు పోయిన కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, పిల్లకి పోయిన బడి, అన్నీ కలపాలి. ఎన్ని ఆగాయో తెలియడానికి, కార్యక్రమం లేని పక్క ఊళ్ళ బళ్ళలో కూడా డాక్టరు గారే పిల్లల్ని చూసి రాసుకొచ్చారు. రెంటికీ తేడా ఎంతో అంతే లాభం.

బడి బడికీ విడివిడిగా మొత్తాలు కట్టాను. కింద నుంచి పైకి మళ్ళీ కట్టాను. తేడా లేదు. బ్రష్షులిచ్చిన బళ్ళ పిల్లలకీ, ఇవ్వని బళ్ళ పిల్లలకీ పుచ్చిన పళ్ళు ఒకే తీరుగా ఉన్నాయి. ఖర్చుని భాగించబోతే కింద సున్నా వచ్చింది. కాలిక్యులేటరు కూడా తప్పని చూపించి ఆగిపోయింది.

పద్నాలుగింటిలో పదమూడు బళ్ళు ఇలా ఉన్నాయి. పద్నాలుగోది ముమ్మిడివరం దాటి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలు పట్టేవాళ్ళ పేటలో ఉన్న చిన్న బడి. అక్కడ పుచ్చిన పళ్ళు మిగతా బళ్ళలో ఉన్నవాటికి సగం కూడా లేవు. పదమూడు ఒకలా ఉండి ఒక్కటి మరీ బాగుంటే నా అనుభవంలో దానికి ఒకటే అర్థం. ఎవరో ఆ ఒక్క అంకే పిల్లల్ని చూడకుండా కూర్చుని వేశారు.

డాక్టరు గారికి ఫోను చేశాను.

"ఆ పేట బడి లెక్క మీరే రాసేరా అండి?"

"నేనే. ఏం?"

"మరీ బాగుందండి."

"బాగుంటే తప్పా అండి?"

"ఒక్కటే బాగుంటే తప్పేనండి."

"నేను ఇంట్లో కూర్చుని వేసుకున్నానంటారా?"

"నేనేం అనలేదండి. నా ఎదురుగా మళ్ళీ చూడండి. అంతే."

"ఆయ్. రండి," అని పెట్టేశారు.

పదిహేడో తేదీ బుధవారం బయలుదేరాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి, నేను ఫైల్లోకి చూస్తూ కూర్చున్నాం. రొయ్యల చెరువుల దగ్గరకొచ్చేసరికి డ్రైవరు ఉండబట్టలేకపోయాడు.

"అమ్మగారూ, మీరిద్దరూ ఇలా ఉంటే నాకు నిద్దరొచ్చేత్తందండి. పోనీ గట్టిగా దెబ్బలాడుకోండి, బండి తిన్నగా పోద్ది."

డాక్టరు గారు నవ్వలేదు. అప్పుడు నాకు కాస్త భయం వేసింది, నేను పొరబడితే ఈయన మొహం ఎలా చూడాలా అని.

బడి రెండు గదులు. గోడ మీద ఛాతీ ఎత్తున వరద నీళ్ళ గీత ఇంకా ఉంది. ఉన్నది ఒక్క మాష్టారే, ముప్ఫై అయిదేళ్ళ మనిషి. మా శాఖ జీపు చూడగానే ఆయన మొహంలో రంగు పోయింది. నమస్కారం పెట్టి, మేం దిగకముందే మొదలుపెట్టారు.

"సంజాయిషీ పంపించేసేనండి. అందలేదాండి?"

"దేనికండీ సంజాయిషీ?" అన్నాను.

"బ్రష్షులకేనండి. ఏడాదికి మూడేసి సార్లు అడిగేనని మెమో ఇచ్చేరు కదండీ. మిగతా బళ్ళన్నీ ఒక్కసారి ఇచ్చినవాటితోనే సరిపెట్టుకుంటున్నాయి, నీ బడి పిల్లలేమైనా బ్రష్షులు తింటున్నారా అని రాసేరండి. జీతంలోంచి రికవరీ పెడతారాండి?"

నాకు ఆ మెమో సంగతి తెలియదు. మా ఆఫీసులోనే, నా గదికి రెండు గదుల అవతల, సామాను విభాగంలో పుట్టింది.

"మేం దానికి రాలేదండీ. పిల్లల పళ్ళు చూడటానికి వచ్చాం," అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

వరండాలో స్టూలు వేసుకుని డాక్టరు గారు కూర్చున్నారు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో చిన్న అద్దం. పక్కన నేను కాగితంతో. మూడో తరగతి పిల్లలు వరసలో వచ్చారు. మొదటి పిల్ల నోరు తెరవకుండా డాక్టరు గారిని కిందికీ మీదికీ చూసింది.

"మొన్ననే చూసేరు కదండీ. మళ్ళీ ఏం చూత్తారు? కొత్తయ్యేం రాలేదండి."

"ఈవిడ గారు నమ్మట్లేదమ్మా," అన్నారు డాక్టరు గారు నా వైపు గడ్డం చూపిస్తూ.

ఆ పిల్ల నాకు నోరు తెరిచి చూపించింది, బోనులో సాక్షిలాగా.

అందరినీ చూడటం అయింది. ఆయన చెప్పిందల్లా నేను రాసుకున్నాను. ఫైల్లో ఉన్న అంకెకీ దీనికీ ఒక్కటి తేడా. ఆ ఒక్కటీ ఏమయిందో పిల్లలే చెప్పారు. వాళ్ళలో ఒకడికి పుచ్చిన పాల పన్ను పోయిన వారం ఊడింది. పేడ ఉండలో పెట్టి బడి పెంకుల మీదికి విసిరాడట. ఎక్కడ పడిందో కూడా వేలు పెట్టి చూపించారు.

"లెక్క సరిపోయిందండి," అన్నాను.

"మీ భాషలో దాన్ని క్షమాపణ అనుకోవచ్చాండి?"

"అనుకోండి."

అప్పుడు నవ్వారు ఆయన. నా ప్రాణం కుదుటపడింది. కానీ ప్రశ్న మాత్రం ఇంకా జటిలమైంది. ఈ అంకె నిజమైతే, మిగతా పదమూడింటికీ ఏమైనట్టు? చేపలు తినడం వల్లా? కాదు. మైలున్నర దూరంలో ఇంకో పేట ఉంది, అవే చేపలు, అవే ఉప్పునీళ్ళ బావులు, కార్యక్రమం లేదు. అక్కడి పిల్లల పళ్ళు అందరిలాగే పుచ్చి ఉన్నాయి, ఆ లెక్క నా ఫైల్లోనే ఉంది. మిఠాయిలు దొరకవేమో అనుకుందామా అంటే, బడి గేటు పక్కనే జీళ్ళ కొట్టు.

ఈలోగా భోజనాలయ్యాయి. పిల్లలు వరండాలో కట్టిన కొబ్బరితాడు దగ్గరికి పరిగెత్తారు. ఆ తాడుకి రంగు దారాలతో బ్రష్షులు వేలాడుతున్నాయి. ఎవరి దారం రంగు వాళ్ళది. ఒక పిల్ల గట్టిగా ఎక్కాలు మొదలుపెట్టింది. ఆవిడ ఆరో ఎక్కం ముగించేదాకా మిగతావాళ్ళు తోముతూనే ఉండాలట, గడియారం లేదు కాబట్టి మాష్టారు పెట్టిన పద్ధతి అది. ఆరెనిమిదుల దగ్గర ఆ పిల్ల తడబడితే అందరూ నోట్లో నురగతోనే గోల పెట్టి సరిదిద్దారు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ బ్రష్షులు చూస్తే నాకు ఒళ్ళు మండింది. కుచ్చులు నాలుగు వైపులా విరబూసి, అరిగిన చీపురు కట్టల్లా ఉన్నాయి.

"ఇదేమిటండీ మాష్టారూ, ప్రభుత్వం సామాను ఇలా ఉంచారు?"

ఆయన చేతులు కట్టుకున్నారు. "బీరువా లేదండి. మొదటి ఏడు ఆగస్టు వరదకి బీరువా తుప్పట్టిపోయింది, లోపలున్న రిజిస్టర్లన్నీ ముద్దయిపోయేయండి. కొత్తదానికి రాసేను, ఇంకా రాలేదు. దాచే చోటు లేక ఎవళ్ళ బ్రష్షు వాళ్ళ చేతికిచ్చేసేను. రోజూ తోమేసి తోమేసి పాడుచేసేత్తన్నారండి."

ఆయన అది తప్పు ఒప్పుకుంటున్నట్టే చెప్పారు. నేనూ తప్పు విన్నట్టే విన్నాను. "మెమోకి మళ్ళీ ఒకసారి వివరంగా రాసి పంపండి," అని సలహా కూడా ఇచ్చి జీపెక్కాను. డాక్టరు గారు కూడా ఏం అనలేదు. అంత దగ్గరగా చూసి ఇద్దరికి ఇద్దరం వదిలేసి వచ్చామంటే, దాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు గురువారం, పోల్చి చూడటానికి రాజోలు వైపు బడి ఒకటి ఎంచుకున్నాను. పదమూడింటిలోనూ మంచి పేరున్నది. అక్కడ హెడ్‌మిస్ట్రెస్ గారు నా ఈడు మనిషి. బల్ల మీద దుమ్ము లేదు. రంగు సుద్దముక్కలు పొడవుల ప్రకారం పేర్చి ఉన్నాయి. ఆవిడ నాకు చూడగానే నచ్చారు.

"ఆ బ్రష్షులు ఒకసారి చూపిస్తారాండి?" అన్నాను.

"అయ్యో, తప్పకుండానండి." చేతిసంచిలోంచి తాళాలగుత్తి తీసి బీరువా తెరిచారు. మూడు అరలు. ప్రతి అరలోనూ బ్రష్షులు, కంపెనీ కవర్లలోనే, వరసగా. ప్రతి కవరు మీదా గుండ్రటి చేతిరాతతో పిల్ల పేరు, తరగతి రాసిన చీటీ. "చూడండి. మూడేళ్ళయింది. ఒక్క బ్రష్షు పోలేదండి."

నిజం చెప్పాలి కదా. నాకు అర నిమిషం పాటు ఆనందం కలిగింది. అప్పటిదాకా నా సర్వీసులో ఇచ్చిన సామాను ఇచ్చినట్టు చూపించిన చోటు నేను చూడలేదు. లెక్కపెట్టాను కూడా, సరిగ్గా సరిపోయాయి. 'భేష్' అనబోతుంటే, నిన్న మాష్టారు చెప్పిన మాట, రోజూ తోమేసి పాడుచేస్తున్నారన్న మాట, అప్పుడు లోపలికి దిగింది.

"ఇవి పిల్లలకి ఎప్పుడిస్తారండి?"

"డాక్టరు గారు వచ్చిన రోజు ఇస్తామండి. తోమించి, కడిగించి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ కవర్లో పెట్టేస్తాం."

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజులు వేలితో తోముకుంటారండి, పళ్ళపొడితో. రోజూ ఇస్తే ఇంకేం మిగులుతాయండీ? ఏడాదాఖరికి స్టాకు చూపించొద్దూ?"

"మరి పేస్టు?"

"గడువు దాటిపోతుందని ఏడాదికోసారి ఇళ్ళకి పంచేస్తున్నామండి. సంతకాలు తీసుకున్నాం. తెమ్మంటారా?"

వెనకాల బెంచీ కిర్రుమంది. డాక్టరు గారు కూలబడ్డారు. మూడేళ్ళలో ఆయన ఎప్పుడొచ్చినా పిల్లలు తోముతూనే కనబడ్డారు, బ్రష్షులు మెరుస్తూనే ఉన్నాయి. చూసి మురిసిపోయి వెళ్ళారు.

తప్పు ఆవిడది అనడానికి లేదు. మా ఆఫీసులో ఆ బ్రష్షుల్ని బెంచీలు, గంట, గ్లోబు ఏ పద్దు కింద రాస్తారో ఆ పద్దు కిందే రాశారు. అంటే అవి ఖర్చయ్యే సామాను కాదు, ఉండాల్సిన సామాను. ఏటా తనిఖీకి చూపించాలి. పోయినా పాడైనా బడి పెద్ద జవాబు చెప్పుకోవాలి. రెండో ఏడు 'పాతవి బాగానే ఉన్నవి, కొత్తవి అక్కరలేదు' అని రాసిన బళ్ళన్నిటినీ పొదుపు పాటించారని మెచ్చుకుంటూ మేమే ఉత్తరాలు రాశాం. పొదుపు చేయని ఒక్క బడికి మెమో ఇచ్చాం.

మేం అలా నిలబడి ఉండగానే ఒక మామ్మగారు మనవరాల్ని తీసుకుపోవడానికి వచ్చింది. పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. ఎడమ బుగ్గ వాచి ఉంది. డాక్టరు గారు లేచి వెళ్ళి, కిటికీ వెలుగులో నోరు తెరిపించి చూశారు.

"ఎన్నాళ్ళ నించి మామ్మగారూ?"

"వానాకాలం ముందు నించీ ఉంది బాబూ. పాల పన్నే కదా, ఊడిపోద్దిలే అని ఊరుకున్నాం."

"ఇది ఊడేది కాదండి. ఇది ఉండిపోవాల్సింది."

"మరెలా బాబూ?"

"రేపు ఆసుపత్రికి తీసుకురండి. తీసెయ్యాలి."

హెడ్‌మిస్ట్రెస్ గారు అంతా విన్నారు. వెనక్కి తిరిగి బీరువాలో మూడో అర వెతికి, ఒక కవరు బయటికి తీశారు. ఆ పిల్ల పేరే. కవరు అంచున మూడేళ్ళలో మూడుసార్లు తెరిచిన మడత. చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పిల్లా మామ్మగారూ గేటు దాటాక అడిగారు.

"నా మీద రాస్తారాండి?"

"మీ మీద కాదండి. బ్రష్షుల మీద రాస్తాను."

దసరా సెలవులిచ్చేలోపు మరో అయిదు బళ్ళు చూశాం, మిగతావాటికి ఫోన్లు చేశాం. బీరువా, ట్రంకుపెట్టె, ఇంకో బీరువా. ఒక హెడ్మాస్టారైతే దొంగల భయానికి బ్రష్షుల పెట్టె తన ఇంట్లోనే భద్రపరిచారు. నేను అప్పటికే టైపు చేయించిన నివేదికలో ఆఖరి వాక్యం 'ఖర్చుకు తగిన ఫలితము లేదు' అని ఉంది. దాన్ని ఫైల్లోంచి తీసేసి కొత్తది రాయడం మొదలుపెట్టాను. కానీ ఆఖరి వాక్యం తట్టలేదు. లాభమని రాయడానికి నా దగ్గర ఉన్నది ఒక్క బడే.

అక్టోబరు ఆరో తేదీ, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకి పై అధికారి గారి గదిలో సమావేశం. ఆయన కుర్రవాడే, చురుకైనవాడు. ఒక పక్క డాక్టరు గారూ నేనూ, ఇంకో పక్క సామాను విభాగం సూపరింటెండెంటు గారు. బల్ల మీద రెండు ఫైళ్ళు. ఒకటి నాది, రెండోది కొత్త కుర్చీది. కుర్చీ ఫైలు మీద సంతకం ఒక్కటే తక్కువ.

అధికారి గారు నా నివేదిక చదివి తలెత్తారు. "కార్యక్రమం పనిచేయలేదంటారా, అసలు జరగలేదంటారా?"

"పదమూడు బళ్ళలో జరగలేదండి. ఒక దాంట్లో జరిగింది. అక్కడ పన్ను కాపాడటానికయిన ఖర్చు, పన్నుకి వైద్యం చేసే ఖర్చు కంటే తక్కువే తేలింది."

"వాళ్ళు చేపలు తినేవాళ్ళు కదా. పళ్ళు గట్టిగా ఉంటాయేమో."

పక్క పేట సంగతి చెప్పాను. ఆయన తలూపారు. సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు.

"పొరపాటేం లేదండి సార్. నెలల తరబడి మన్నే సామాను ఏదైనా ఆ పద్దు కిందే రాయాలి. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి బ్రష్షులేవయ్యా అంటే, పిల్లలు తోమేసేరండి అని చెప్పమంటారా?"

"అదే కదండీ చెప్పాల్సింది," అన్నారు డాక్టరు గారు.

అధికారి గారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి. ఈ ఒక్క బడిని చూసి, కార్యక్రమం లాభమని రాసి సంతకం పెడతారా?"

డాక్టరు గారు నన్నే చూస్తున్నారని తల తిప్పకుండానే తెలుస్తోంది. అవునంటే అయిపోతుంది. కుర్చీ ఫైలు మూసేస్తారు.

"పెట్టనండి. ఒక్క బడితో తేలదు."

పక్కన డాక్టరు గారు ఊపిరి వదలడం వినబడింది.

"అయితే నష్టమని పెడతారా?"

"అదీ పెట్టనండి. సీసా మూత తీయకుండా మందు పనిచేయలేదని ఎలా రాస్తాను?"

"మరి నేనేం చేయాలి?"

"ఒక్క ఏడాది ఇప్పించండి. ఇచ్చిన రోజే బ్రష్షుని ఖర్చు రాసెయ్యాలి. మూడు నెలలకోసారి కొత్తది ఇవ్వాలి, కానీ అరిగిన పాతది చూపిస్తేనే. బళ్ళు ఇప్పటిలా నెలనెలా 'కార్యక్రమం సజావుగా జరుగుతున్నది' అని రాయక్కర్లేదు. ఎన్ని అరిగాయో రాస్తే చాలు. ఏడాది తర్వాత నేనే మళ్ళీ లెక్క కడతాను. అప్పుడూ సున్నా వస్తే, సున్నా అని సంతకం పెట్టే రిటైరవుతాను."

అధికారి గారు కుర్చీ ఫైలు చేతిలోకి తీసుకున్నారు. "ఏడాది ఇస్తే ఇది ఆగిపోతుంది. డాక్టరు గారూ, మీ పాత కుర్చీ ఎలా ఉంది?"

"ఒక పక్కకి ఒరుగుతుందండి. కింద ఇటుక పెట్టేను. పేషెంటు బరువుని బట్టి ఇటుక మారుస్తుంటాను. ఇంకో ఏడాది లాగించేస్తానండి."

అధికారి గారికి నవ్వొచ్చింది. కుర్చీ ఫైలు పక్కన పెట్టి, నా నివేదిక కింద నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశారు. నాలుగూ పదికి ఆ గదిలోంచి బయటికి వచ్చాం. ఎదురుగా కొట్లో డాక్టరు గారు టీ ఇప్పించారు.

"అవునని ఒక్క మాట అనేస్తే మూడేళ్ళు ఇచ్చేసేవారేమో కదండీ?"

"ఇచ్చి ఉండేవారు. బ్రష్షులు ఇంకో మూడేళ్ళు బీరువాలో ఉండేవి."

ఆయన ఒప్పుకున్నట్టు గ్లాసు ఎత్తారు.

జనవరిలో మొదటి ఫోను రాజోలు వైపు హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర నుంచి వచ్చింది. నమస్కారమైనా లేకుండా దులిపేశారు. "ఇదేం పద్ధతండీ! మూడు నెల్లకే చీపుర్లు చేసేసేరు. ఒకడైతే నమిలేసేడండి. ఇవన్నీ సంచిలో వేసి పంపమంటారా? నాకు కడుపు తరుక్కుపోతోందండి." ప్రభుత్వ సామాను పాడైందని విని అంత సంతోషించిన రోజు నా సర్వీసులో ఇంకోటి లేదు. సంచి తెప్పించి, నేనే విప్పి చూశాను. ఒక్కటీ బాగా లేదు.

ఏడాది తిరిగాక డాక్టరు గారు మళ్ళీ అన్ని బళ్ళూ తిరిగి పిల్లల్ని చూశారు. ఈసారి నేను ప్రతి బడికీ వెంట వెళ్ళాను. ఆయన నొచ్చుకోలేదు, తోడుకి బాగుందన్నారు. లెక్క కట్టాను, కింద నుంచి పైకి మళ్ళీ కట్టాను. మునుపు పుచ్చినవి బాగుపడవు కదా, అందుకని తేడా గొప్పగా లేదు. కానీ కొత్తగా పుచ్చినవి తగ్గాయి. కార్యక్రమం లేని పక్క ఊళ్ళ బళ్ళలో తగ్గలేదు. భాగిస్తే కింద సున్నా లేదు. ఒక్కో పన్ను కాపాడటానికయిన ఖర్చు, వైద్యం ఖర్చు కంటే తక్కువ తేలింది, మెరిసే కొత్త బ్రష్షులకి పెట్టిన ఎక్కువ డబ్బు కలుపుకుని కూడా. లాభమని రాసి, తేదీ, వేళ వేసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో ముఖ్యమైన ఆఖరి సంతకం అదే. కార్యక్రమం కొనసాగింది. ఆ రాత్రి చాలా నెలల తర్వాత కలలోకి అంకెలు రాకుండా పడుకున్నాను.

ఇప్పుడు ఇలాంటి ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు, సలహా చెప్పమని అడుగుతారు. నా దగ్గర పెద్ద సలహాలు లేవు. లెక్కలో సున్నా వస్తే సంతకం పెట్టేముందు వెళ్ళి ఆ సామాను ముట్టుకుని చూడండి అంటాను. చక్కగా ఉంటే అనుమానించండి. నేను చక్కదనాన్ని ఇష్టపడే మనిషిని కాబట్టే ఇది చెప్పే అర్హత నాకుంది. ఇదంతా ఒక వరద వచ్చి ఒక బీరువాని పాడు చేయబట్టి బయటపడింది. ఆ బీరువా కూడా బాగుండి ఉంటే పద్నాలుగు సున్నాలు వచ్చేవి, నేను నిశ్చింతగా సంతకం పెట్టేదాన్ని, ఎవరూ నన్ను తప్పు పట్టేవారు కాదు.

దక్కింది చెప్పాను కాబట్టి పోయింది కూడా చెప్పాలి. పదమూడు బళ్ళలో మూడు విద్యా సంవత్సరాలు. బీరువాల్లోనే గట్టిపడి, చివరికి పారేసిన బ్రష్షులు తొమ్మిది వందల ఎనభై నాలుగు. ఆ మూడేళ్ళలో ఆ పదమూడు బళ్ళ నుంచి ఆసుపత్రికి వచ్చి పీకించుకున్న ఆరేళ్ళ దవడపళ్ళు అరవై రెండు.